చర్మం మానింది, గోరు మాత్రం పైకి లేచింది: పరుగు కుక్కల పాదాల్లో టెండన్ దెబ్బలు

సీతానగరం_రన్నర్ | తాడేపల్లి
నమస్కారం అండి. మా రాణి మాలినాయిస్ జాతి ఆడ కుక్క, మూడో ఏడు నడుస్తోంది. అజిలిటీ, అంటే అడ్డంకులు దాటే పరుగు పోటీ నేర్పిస్తున్నాం: హర్డిల్స్, టన్నెల్, వీవ్ పోల్స్ (వరస కర్రల మధ్య మెలికల పరుగు). పొద్దున్నే కరకట్ట మీద పరుగు, ఎండ ఎక్కేలోపు కృష్ణ ఇసుకలో కాసేపు ఆట. ఆ ఇసుకలో తాగి పారేసిన సీసాల సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. కుడి ముందరికాలు, అరికాలి కింద మెత్తగా ఉండే పెద్ద ప్యాడ్‌కి కాస్త పైన, వెనకవైపు అడ్డంగా తెగింది. గీత చూస్తే ఇంతే కదా అనిపిస్తుంది, నెత్తురు మాత్రం చాలా పోయింది. దగ్గర్లోని క్లినిక్‌లో కడిగి కుట్లు వేశారు. మధ్యలో కాస్త చీము పట్టింది, మందులు మారిస్తే తగ్గింది. ఇప్పుడు చర్మం శుభ్రంగా మానిపోయింది, కుంటు కూడా కొంచెమే. కానీ నిలబడినప్పుడు మధ్య వేళ్లలో ఒకదాని గోరు నేలకి తగలట్లేదు, పైకి చూస్తోంది. క్లినిక్‌లో అడిగితే వాపు తగ్గాక సర్దుకుంటుందన్నారు. చలికాలం పోటీకి దింపాలని మా ఆశ. నిజంగా సర్దుకుంటుందా?

బ్రాడీపేట_బాబాయ్ | గుంటూరు
తమ్ముడూ కంగారుపడకు. గాయం మానేచోట నరం బిగుసుకుంటుంది, మనుషులకీ అంతే. ఆముదం గోరువెచ్చగా చేసి రాత్రిపూట మర్దన చెయ్యి. అప్పటికీ లొంగకపోతే పుత్తూరు కట్టు ఉండనే ఉంది. మా పక్కింటి వాళ్ల పొమరేనియన్ కాలు విరిగితే ఆ కట్టుతోనే లేచి తిరిగింది.

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
బాబాయ్ గారూ, ముందు ఆ మర్దన ఆపించండి. విరిగిన ఎముక కదలకుండా ఉంటే దానంతటది అతుక్కుంటుంది, అందుకే కట్టు పనిచేసింది. టెండన్ అంటే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిది. తెగిన టెండన్‌ని ఒక పక్క కండరం పైకి లాగేస్తుంది. రెండు చివరలూ దూరమయ్యాక పైన ఎన్ని కట్లు కట్టినా అవి వచ్చి కలవవు.

రన్నర్ గారూ, గోరు నేలకి తగలట్లేదన్న ఆ ఒక్క మాటలోనే సగం పరీక్ష అయిపోయింది. ముందరి పాదంలో ప్రతి వేలికీ వెనకవైపు నుంచి రెండు టెండన్లు వస్తాయి. చర్మానికి దగ్గరగా ఉన్న పైపొర టెండన్ వేలి మధ్య ఎముకకి అతుక్కుంటుంది. దాని కిందున్న లోపలి టెండన్ ఇంకా ముందుకు పోయి చివరి ఎముకకి, అంటే గోరు మొలిచే ఎముకకి అతుక్కుంటుంది. వేలి మొదట్లో పైపొర టెండన్ ఒక తొడుగులా మారుతుంది, లోపలిది దానిలోంచి దూరి వెళ్తుంది. ఇక గోరు పైభాగాన సాగే లిగమెంట్లు (ఎముకల్ని కలిపే పట్టీలు) ఉంటాయి. అవి గోరుని ఎప్పుడూ పైకే లాగుతుంటాయి, లోపలి టెండన్ కిందికి లాగి దాన్ని అదుపులో పెడుతుంది. అది తెగిందంటే పైకి లాగేదానికి ఎదురు ఉండదు, గోరు లేచి నిలబడుతుంది. వాపు వల్ల ఇలా జరగదు.

పైపొర టెండన్ ఒక్కటే తెగితే వేలు కొంచెం చదునవుతుంది, గోరు నేల మీదే ఉంటుంది. రెండూ తెగితే వేలు మొత్తం నేలకి పరుచుకుని, గోరు పైకి చూస్తుంది.

ఒక ఫోటో కావాలి. సిమెంటు నేల మీద నిలబెట్టి, కెమెరా నేలకి ఆనించి, పక్క నుంచి తీయండి. రెండు ముందరి పాదాలూ కనపడాలి. పడుకున్నప్పుడు తీసిన ఫోటో వద్దు, బరువు పడని వేలు నిజం చెప్పదు. దెబ్బ తగిలి ఎన్నాళ్లయింది, ఏ వేలు అన్నది కూడా రాయండి. పైనుండే చిన్న బొటనవేలిని ఒకటిగా లెక్కపెట్టుకుంటే లోపలి నుంచి బయటికి 2, 3, 4, 5.

సీతానగరం_రన్నర్ | తాడేపల్లి
ఫోటో పెట్టాను డాక్టరు గారూ. 3వ వేలు. రెండు వారాలు దాటింది. మొదట్లో నాలుగైదు రోజులు అసలు కాలే మోపలేదు.

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
చూశాను. 3వ వేలు కాస్త చదునుగా పడింది, గోరు స్పష్టంగా లేచింది. రెండు టెండన్లూ తెగి ఉండాలి, పైపొరది పూర్తిగానో సగమో చెప్పలేను. కాలు మోపలేదన్నారు చూడండి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. బరువు వేయని కాలిలో వేళ్ల తేడా కనిపించదు. దెబ్బ తగిలిన రోజు నెత్తురు, నొప్పి, మొరుగుడు మధ్య చర్మం కుట్టి పంపేస్తారు. కుక్క నడక మొదలెట్టాకే గోరు బయటపడుతుంది.

అందుకే ప్యాడ్‌కి పైన వెనకవైపు అడ్డంగా తెగిన ఏ గాయాన్నయినా మత్తిచ్చి, లోపల చూసి, ఆ తర్వాతే కుట్టాలి. అప్పుడు కూడా ఒక చిక్కుంది. తెగిన క్షణంలో పాదం పరుగులో చాచి ఉంటుంది, బల్ల మీద ముడుచుకుని ఉంటుంది. చర్మం గీత కింద చూస్తే టెండన్ బాగానే ఉన్నట్టు అనిపించవచ్చు, తెగిన చోటు పైకో కిందికో జరిగిపోయి ఉంటుంది. వేళ్లని చాచి, ముడిచి, మళ్లీ చాచి చూస్తేనే బయటపడుతుంది.

పత్తిచేను | ప్రత్తిపాడు దగ్గర
మా దగ్గర కారవాన్ హౌండ్ మగది ఉందండి. పత్తి మోళ్లలో పరిగెత్తి కాలు చీల్చుకుంది, చాలా ఏళ్ల మాట. ఒక వేలు ఇప్పటికీ చదునుగానే ఉంటుంది, గోరు మాత్రం నేల మీదే. ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. కుందేలు లేస్తే ఇప్పటికీ దాన్ని పట్టేవాడు లేడు. ఒక్క వేలి కోసం కోతలెందుకు?

మోడరేటర్
పత్తిచేను గారూ, కుందేలు వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మీ వాడు ఊరికే పరిగెత్తుతాడనే అనుకుంటాం. వేట ముచ్చట్లు ఇక్కడ వద్దు.

పత్తిచేను | ప్రత్తిపాడు దగ్గర
ఊరికే పరిగెత్తుతాడండీ 🙏 కుందేలే వచ్చి ముందు పరిగెత్తుతుంది.

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
పత్తిచేను గారి ప్రశ్న సరైనదే. మీ వాడికి తెగింది పైపొర టెండన్ ఒక్కటే. గోరు నేల మీదుందంటే లోపలిది పనిచేస్తున్నట్టు. అలాంటి వేలితో చాలా కుక్కలు బతుకంతా హాయిగా పరిగెత్తుతాయి. గ్రేహౌండ్ లాంటి సన్న జాతులకి వేలి ప్యాడ్‌లో ఆనెకాయలు వచ్చి విపరీతంగా కుంటుతాయి. ఈ మధ్య కొందరు సర్జన్లు ఆ వేలి పైపొర టెండన్‌ని కావాలనే కోసేసి ప్యాడ్ మీద ఒత్తిడి తగ్గిస్తున్నారు. ఒక టెండన్ లేకపోయినా వేలు నెట్టుకొస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మీ వాడిది కారవాన్ కాబట్టి ఎప్పుడైనా గట్టి రోడ్డు మీద కుంటి, మెత్త నేల మీద బాగా నడిస్తే ఆనెకాయ ఉందేమో ప్యాడ్ కడిగి చూసుకోండి. టెండన్ నొప్పి అనుకుని నెలలు పోగొట్టుకునే వాళ్లున్నారు.

రాణి విషయం వేరు, మూడు కారణాలకి. ఒకటి, లోపలి టెండన్ పోయింది. రెండు, అది 3వ వేలు. పాదం బరువులో ఎక్కువ భాగం 3, 4 వేళ్ల మీదే పడుతుంది, అదే 2 లేక 5 అయితే వదిలేయమనే వాణ్ణి. మూడు, ఆమె చేసే పని. లేచిన గోరు నేలకి అరగదు, పెరుగుతుంది. టన్నెల్ గుడ్డలోనో వీవ్ పోల్స్ కింద పట్టీలోనో తగులుకుందంటే మొదలంటా ఊడుతుంది. ఇంట్లో సోఫా మీద పడుకునే ల్యాబ్ అయితే గోరు కత్తిరించుకుంటూ గడిపేయమంటాను.

సుజాత_పటమట | విజయవాడ
డాక్టరు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. అజిలిటీ కుక్కల వేళ్ల దెబ్బల మీద అమెరికాలో యజమానుల సర్వే ఒకటి జరిగింది. బోర్డర్ కోలీలకి, గోళ్లు పొడుగ్గా ఉన్నవాటికి, ముందరి కాళ్ల చిన్న బొటనవేళ్లు తీసేసినవాటికి ఈ దెబ్బలు ఎక్కువని తేలింది. ఆ బొటనవేలికీ టెండన్లు ఉన్నాయి, మలుపు తిరిగేటప్పుడు అది నేలని పట్టుకుంటుంది. మన దగ్గర పిల్లలప్పుడే అందం కోసం కోయించేస్తున్నారు. నా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చే వాళ్లలో ఇది చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

రన్నర్ తమ్ముడూ, నొప్పికి ఇంట్లో ఉన్న బిళ్ల ఏదైనా వేశారా? అది ముందు చెప్పండి.

సీతానగరం_రన్నర్ | తాడేపల్లి
మా నాన్న మోకాళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ సగం వేద్దామనుకున్నాం అక్కా. అమ్మ ఆపింది.

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
మీ అమ్మగారికి నమస్కారం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ అయితే రాబందుల చావులకి కారణమైందని పశువులకి వాడకుండా 2006లోనే మన దేశంలో నిషేధించారు. కుక్కకి నొప్పి మందు బరువు చూసి రాయాలి. మెలాక్సికామ్ లాంటి కుక్కల నొప్పి మందు ఇస్తుండగా ఇంకెవరో స్టెరాయిడ్ సూది వేశారంటే కడుపు చిల్లు పడే ప్రమాదం ఉంది, ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగేవాళ్లు రెండు చీటీలూ చూపించండి. పైగా టెండన్ దగ్గర స్టెరాయిడ్ సూది వేస్తే ఉన్న టెండనే బలహీనపడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఎక్స్‌రే. అందులో టెండన్ కనిపించదు, అది తెలిసే తీయించాలి. లోపల గాజు ముక్క మిగిలిందా, వేలి ఎముక చిట్లిందా చూడ్డానికి. మామూలుగా తీస్తే వేళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, టేపుతో విడదీసి పట్టుకుని తీయమనండి. తర్వాత అల్ట్రాసౌండ్. పొట్ట చూసే ప్రోబ్ పనికిరాదు, పైపైన చూసే హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ కావాలి. మంచి కాలుతో పోల్చి చూడాలి, ఎందుకంటే ఇంత సన్నటి టెండన్‌లో మామూలుది ఎలా ఉంటుందో పక్కన పెట్టుకుంటే తప్ప తేడా పట్టలేం. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లండి. లేదంటే మీకు నమ్మకమున్న సర్జన్ దగ్గరికి. ఏదైనా ఈ వారమే. నెలలు గడిస్తే కండరం కురచబడుతుంది, మధ్యలో మచ్చ కణజాలం నిండుతుంది, అప్పుడు నేరుగా కలపడం కుదరక వేరేచోటి నుంచి కణజాలం తెచ్చి అతకాల్సి వస్తుంది.

బెంజిసర్కిల్_బ్రూనో | విజయవాడ
డాక్టరు గారూ మధ్యలో దూరుతున్నాను. మా రాట్‌వైలర్‌కి గాయమేమీ లేదు, దూకిన తర్వాత ముందరికాలు కుంటుతోంది. వేళ్లన్నీ చక్కగానే ఉన్నాయి. ఇదీ టెండనేనా?

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
గోళ్లు సరిగ్గా ఉండి, పెద్ద ప్యాడ్ వెనక లోతుగా నొక్కితే కాలు లాక్కుంటే నాకు ముందు గుర్తొచ్చేది సెసమాయిడ్ ఎముకలు. వేలి మొదటి కీళ్ల వెనక, పాదానికి ఎనిమిది ఉంటాయి, టెండన్లు వాటి మీదుగా జారతాయి. రాట్‌వైలర్లకీ రేసు గ్రేహౌండ్లకీ వాటిలో లోపలి నుంచి లెక్కిస్తే 2వది, 7వది విరగడం మామూలు. ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఒక వేలు పక్కకి ఊగుతుంటే కీలు లిగమెంటు. మణికట్టే నేలకి వాలిపోతుంటే అది పూర్తిగా వేరే జబ్బు, చిన్నది కాదు. వేలు వేలూ విడిగా పట్టుకుని, ముడిచి, చాచి, పక్కలకి ఊపి చూడండి. మంచి కాలు ముందు, నొప్పి కాలు తర్వాత.

గుణదల_ల్యాబ్ | విజయవాడ
వెనక కాలి మడమ కిందికి పడిపోయి, వేళ్లు పంజాలా ముడుచుకుంటే?

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
మడమ టెండన్ కొంత తెగింది. వేళ్లకి వెళ్లే పైపొర టెండన్ ఒక్కటి మిగిలి అన్నిటి బరువూ మోస్తోంది కాబట్టి వేళ్లు ముడుచుకుంటున్నాయి. రేపు కాదు, ఇవాళే చూపించండి.

మోడరేటర్
గుణదల గారి ప్రశ్నకి వేరే చర్చ తెరిచాను. ఇక్కడ ముందరి పాదాలకే పరిమితమవుదాం.

సీతానగరం_రన్నర్ | తాడేపల్లి
చూపించాం. మీరన్నట్టే లోపలి టెండన్ పూర్తిగా, పైపొరది సగం తెగిందట. గాజు ముక్క లేదు. సర్జన్ గారు కుట్టొచ్చు అన్నారు, కానీ పాత గాయం కాబట్టి మొదటి రోజు కుట్టినంత బాగా రాదని ముందే చెప్పారు. ఖర్చు ఎలా అడగాలి? లోపల ఏం చేస్తారు? ఇంట్లో అందరూ భయపడుతున్నారు.

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
ఆపరేషన్ రేటు ఒక్కటీ అడిగితే మోసపోయినట్టే. ఆరు వారాల కట్లు, మార్చిన ప్రతిసారీ మత్తు కావాలా వద్దా, అన్నీ కలిపి అడగండి. చాలాచోట్ల కట్ల ఖర్చే ఆపరేషన్‌తో సమానంగా వస్తుంది.

లోపల జరిగేది ఇది. మచ్చని తీసి, రెండు చివరలూ వెతికి, దగ్గరికి తెచ్చి సన్నటి నైలాన్ లేదా పాలీప్రొపిలీన్ దారంతో కుడతారు. టెండన్ పోగులు నిలువుగా ఉంటాయి. మామూలుగా కుడితే దారం పోగుల మధ్య నుంచి జారి బయటికొచ్చేస్తుంది. అందుకని పోగుల్ని కొన్ని కొన్నిగా మెలికలో బిగించే లాకింగ్ లూప్ కుట్టు వేస్తారు. చివరల మధ్య సందు ఉండకూడదు. కుక్కల టెండన్ల మీదే చేసిన పరిశోధనల్లో 3 మిల్లీమీటర్లు మించి సందు పడినవి తర్వాతి వారాల్లో బలం పుంజుకోలేదని తేలింది. అందుకే ఆపరేషన్ ఒక రోజు పని, ఆ సందు పడకుండా కాపాడటం నెలన్నర పని. ఆరు వారాలకి టెండన్‌కి వచ్చే బలం అసలు దానిలో సగానికి కాస్త పైన. ఏడాదికి కూడా 80 శాతం దగ్గరే ఆగుతుంది. కుక్కకి ఈ లెక్కలు తెలియవు, నొప్పి తగ్గిన నాలుగో రోజే గోడ దూకుతుంది.

బ్రాడీపేట_బాబాయ్ | గుంటూరు
పీఆర్పీ (సొంత నెత్తురులోంచి తీసిన ప్లేట్‌లెట్ల సూది) అనీ, లేజర్ అనీ హైదరాబాద్‌లో చేస్తున్నారట కదా. డబ్బున్నవాళ్లు కోత లేకుండా అది చేయించుకోవచ్చుగా?

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
సాగి వాచిన టెండన్‌కి వాటి సంగతి మాట్లాడుకోవచ్చు బాబాయ్ గారూ. రెండు ముక్కలైనదాన్ని లేజర్ దగ్గరికి లాగదు.

సుజాత_పటమట | విజయవాడ
ఆపరేషన్ మంచిగా జరిగి కట్టు దగ్గర పోగొట్టుకున్న కుక్కల్ని చూశాను కాబట్టి ఇది వివరంగా రాస్తాను.

పాదం కొంచెం లోపలికి ముడిచిన భంగిమలో కడతారు, కుట్టు మీద లాగుడు పడకుండా. లోపల దూది పొరలు, వెనకవైపు స్ప్లింట్, అంటే కాలు కదలకుండా ఆపే గట్టి బద్ద. ఫైబర్ కాస్ట్ సగం చెక్క కావచ్చు, నిలువుగా కోసిన పీవీసీ పైపు ముక్క కావచ్చు, అంచులు నునుపు చేశారా లేదా చూసుకోండి. వేళ్ల మధ్య దూది పెట్టారా అడగండి. మధ్య రెండు గోళ్ల కొనలు బయటికి కనపడేలా కట్టమనండి. పొద్దున, సాయంత్రం ఆ రెండు గోళ్ల మధ్య సందు చూడాలి. నిన్నటికంటే ఎడంగా ఉన్నాయంటే లోపల పాదం వాస్తోంది, కట్టు బిగువైంది. చల్లగా ఉన్నా అంతే. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ దొరికే వరకు ఆగొద్దు, వెళ్లిపోండి.

ఇక మన బెజవాడ ఉక్కపోత. కట్టు లోపల చెమ్మ చేరితే చర్మం పాసిపోతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఖాళీ సెలైన్ సంచి కోసి తొడగండి, ఇంట్లోకి రాగానే తీసేయండి. రోజంతా ప్లాస్టిక్ తొడిగి ఉంచితే వానలో తడిసినదానికంటే ఘోరం. కట్టు దగ్గర ముక్కు పెట్టి వాసన చూడటం అలవాటు చేసుకోండి, పులిసిన వాసన మొదట మీకే తెలుస్తుంది. మణికట్టు వెనక పొడుచుకొచ్చిన ఎముక ఒకటి ఉంటుంది, దాని మీది చిన్న ప్యాడ్ దగ్గర పుండు పడటం మామూలు. అక్కడ దూదిని గుండ్రంగా గుంటలా పెట్టమని అడగండి. ఎముక మీద నేరుగా మందంగా పెడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నాకనివ్వకుండా మెడకి కోన్ తప్పదు.

సీతానగరం_రన్నర్ | తాడేపల్లి
ఆపరేషన్ అయింది. రాణి బాగుంది, మేమే బాగాలేం. క్రేట్‌లో పెడితే రాత్రంతా ఏడుస్తోంది. పరుగు కుక్కని కట్టేసి ఉంచేదెలా?

సుజాత_పటమట | విజయవాడ
కాళ్లకి పని లేనప్పుడు ముక్కుకి పని పెట్టండి తమ్ముడూ. అన్నం గిన్నెలో పెట్టకండి, పాత తువ్వాలులో చుట్టి వెతుక్కోమనండి. కదలకుండా ‘స్టే’లో ఉంచి ఒక్కో గింజా ఇవ్వండి. ముక్కు పనితో కూడా కుక్క బాగా అలసిపోతుంది. మూత్రానికి మాత్రమే బయటికి, అదీ పొట్టి తాడుతో. మెట్లు వద్దు, నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరవండి.

పత్తిచేను | ప్రత్తిపాడు దగ్గర
నాకో సందేహం. పొలంలో కాలు తెగితే వెంటనే ఏం చేయాలి? మావాళ్లు కాఫీ పొడో, పసుపో కూరతారు. నెత్తురైతే ఆగుతుంది.

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
ఆగుతుంది, నిజమే. తర్వాత లోపల చూసేవాడికి మాత్రం పొడీ, మట్టీ, నెత్తురూ కలిసిన ముద్ద కనిపిస్తుంది. దాన్ని కడిగి తీసేలోపు సగం రాత్రి. బోరు నీళ్లు ధారగా పోసి కడగండి, శుభ్రమైన గుడ్డ మడతపెట్టి ఐదు పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యమధ్యలో ఎత్తి చూడొద్దు. దానిమీదే కట్టు కట్టి బండెక్కించండి. గాయం శుభ్రంగా ఉండి మొదటి రోజే సర్జన్ చేతికొస్తే టెండన్ అప్పుడే కుట్టొచ్చు. మురికి గాయమైతే ముందు కడిగి, చీము భయం పోయాక కుడతారు. పత్తి మోడు, సర్కారు తుమ్మ ముల్లు దిగినచోట ముక్క లోపలే ఉండిపోతుంది, కర్ర కాబట్టి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మానినట్టే మాని మళ్లీ మళ్లీ చీము కారుతుంటే అదే అనుకోండి.

సీతానగరం_రన్నర్ | తాడేపల్లి
మూడు వారాలకి గట్టి స్ప్లింట్ తీసి మెత్త కట్టు వేశారు, ఆరో వారం దాటాక నిన్న అది కూడా తీసేశారు. మధ్యలో ఒకసారి వాసనొస్తే పరిగెత్తుకెళ్లాం, మణికట్టు వెనక చర్మం ఎర్రబడింది అంతే, సుజాతక్క చెప్పిన చోటే. గోరు ఇప్పుడు కిందికి దిగింది. పూర్తిగా మంచి కాలిలా లేదు, నేలకి తాకీ తాకనట్టుంది. సర్జన్ గారు బాగుందన్నారు. మాకు సగం సంతోషం, సగం దిగులు.

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
ఫోటో చూశాను. రెండు వారాలు దాటాక కుట్టినదానికి ఇది మంచి ఫలితం. టెండన్ చుట్టూ మచ్చ అతుక్కుని వేలు కొంచెం బిరుసుగా ఉంటుంది. రోజూ వేలిని మెల్లగా ముడిచి చాచండి, నొప్పి వచ్చేవరకు కాదు, బిగువు తగిలేవరకు. ఇప్పుడు మర్దన చేయొచ్చు బాబాయ్ గారూ, మచ్చ మీద, మెత్తగా. ఆముదమైనా సరే, నాకితే విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి తుడిచేయండి.

నడక పొట్టి తాడుతో ఐదేసి నిమిషాలు, వారానికి కొంచెం పెంచుతూ. ముందు చదును నేల, తర్వాత గడ్డి, ఇసుక చివరికి. ఇసుకలో వేళ్లు దిగబడి టెండన్ ఎక్కువ లాగుతుంది, మెత్తగా ఉంది కదా అని మొదట ఇసుకలో వదలొద్దు. ఈత అయితే బరువు పడదు, చర్మం పూర్తిగా గట్టిపడ్డాక నిలకడగా ఉన్న శుభ్రమైన నీళ్లలో పర్వాలేదు. బకింగ్‌హామ్ కాలువలో వద్దు, ప్లీజ్.

సుజాత_పటమట | విజయవాడ
చలికాలం పోటీ పేరు వెనక్కి తీసుకో తమ్ముడూ. ఆపరేషన్ రోజు నుంచి కనీసం నాలుగు నెలలు గడవాలి, అప్పుడైనా హర్డిల్ బార్ నేల మీద పెట్టి మొదలు. తిన్నగా పరుగు మొదట, మలుపులు తర్వాత, వీవ్ పోల్స్ అన్నిటికంటే చివర. ప్రతి దశ మర్నాడు పొద్దున లేవగానే మొదటి పది అడుగులు వీడియో తీయి. కుంటు ఉంటే ఒక దశ వెనక్కి.

సీతానగరం_రన్నర్ | తాడేపల్లి
వెనక్కి తీసుకున్నానక్కా. గోరు సంగతేంటి, కొంచెం పెరిగింది. అది పూర్తిగా అరగట్లేదు కదా?

ఉయ్యూరు_వెట్ | ఉయ్యూరు
అరగదు, అది జీవితాంతం మీ చేతి పనే. రెండు వారాలకోసారి కొన మాత్రం తీయండి, లోపలి గులాబీ భాగం కూడా పెరిగి ఉంటుంది, ఒక్కసారి పొట్టిగా కత్తిరిస్తే నెత్తురొస్తుంది. మాలినాయిస్‌కి నల్ల గోళ్లు కాబట్టి కట్టర్ కంటే కరెంటుతో తిరిగే ఆకురాయి (గ్రైండర్) మేలు. రాణికి ఆ చప్పుడు అలవాటు లేకపోతే ముందు పక్కన పెట్టి ఊరికే ఆన్ చేసి గింజలు వేయండి, గోరు సంగతి వచ్చే వారం.